సీసాపై ‘విజయ’ – లోపల ఏమున్నది?

గత మాఘమాసంలో ఒకనాటి ఉదయం, అరవై ఎనిమిది సంవత్సరాల వయస్సుగల ఒక విశ్రాంత ఉపాధ్యాయిని తమ కుమారునితో కలసి నా వైద్యశాలకు వచ్చారు. ఎన్నో ఏండ్లుగా వారి కుటుంబం నా వద్దకే వస్తున్నది. మోకాళ్ళ నొప్పులు ఆమెకు పాతవే. ఈసారి చెప్పిన బాధలు మాత్రం క్రొత్తవి. పళ్ళు తోముకుంటుంటే చిగుళ్ళనుండి రక్తం వస్తున్నదట. దెబ్బ తగలకుండానే మోచేతులపై నీలి మచ్చలు లేస్తున్నవట. ఉదయం మంచం దిగగానే తల తిరుగుతున్నదట. “ఈమధ్య క్రొత్తగా ఏ మందైనా వాడుతున్నారా, అమ్మా?” అని అడిగాను. “మందేమీ లేదండీ, అంతా మన ఆయుర్వేదమే” అన్నారు ఆమె.

కుమారుడు సంచిలోనుండి ఒక చిన్న సీసా తీసి బల్లమీద పెట్టాడు. పైన ఆకుపచ్చని ఆకు బొమ్మ, దాని క్రింద ‘విజయ’ అనే పేరు, ఆ క్రింద నొప్పులు తగ్గుతాయని, నిద్ర పడుతుందని, మనస్సు కుదుటపడుతుందని వాగ్దానం. ‘పత్రసారం 1000 మి.గ్రా.’ అని ఒక అంకె. ఆ సారంలో ఏ అంశం ఎంత ఉన్నదో ఒక్క ముక్కైనా లేదు. ఆరు వారాలుగా ఉదయం పది చుక్కలు, రాత్రి పది చుక్కలు ఆమె సేవిస్తున్నారు. గుండె కవాటానికి శస్త్రచికిత్స జరిగినప్పటినుండి రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్ర వేసుకుంటున్న మనిషి ఆమె. ఈ సంగతిని సీసా అమ్మినవారు అడగలేదు, వీరూ చెప్పలేదు.

ఆ చుక్కలను ఆనాడే మాన్పించి, వెంటనే వారి హృద్రోగ వైద్యుని వద్దకు పంపాను. రక్తపరీక్షలో రక్తం ఉండవలసిన దానికంటె మిక్కిలి పలుచబడి ఉన్నట్లు తేలింది. ఆ తరువాత ఏమైనదో చివర చెబుతాను. అంతకు ముందు, ఆ తల్లీకొడుకులకు ఆనాడు చెప్పిన విషయాలను పాఠకులకు కూడా చెప్పడం నా విధి అని తోచింది. ఇటువంటి సీసాలు ఇప్పుడు పట్టణాలలో మధ్యతరగతి ఇండ్లలో చాలా కనిపిస్తున్నవి.

గురువుగారి చెక్కపెట్టె

నేను వైద్యం నేర్చింది గోదావరి తీరాన ఒక గ్రామంలో, గురువుగారి ఇంట. వారి వసారాలో మూలికలన్నీ గోనెసంచులలో, కుండలలో బహిరంగంగా ఉండేవి. కరక్కాయ, తానికాయ, పిప్పళ్ళు, శొంఠి ఎవరైనా తీసుకోవచ్చు. ఒక చెక్కపెట్టెకు మాత్రం తాళం ఉండేది. నాభి, ముషిణి గింజలు, ఉమ్మెత్త గింజలు, విజయ అందులో ఉండేవి. తాళంచెవి గురువుగారి మొలత్రాటికి. ఒకనాడు నేను “విజయ మనకు దేవుడిచ్చిన ఔషధం గదా, దీనికెందుకు తాళం?” అని అడిగాను. “అబ్బాయీ, పేరు విజయ. ఆ విజయం రోగి మీద కాకుండా రోగం మీద కలిగేటట్లు చూడడానికే ఈ తాళం” అన్నారు వారు.

ఆ జాగ్రత్త వారు సొంతంగా కల్పించుకున్నది కాదు. రసశాస్త్రం విజయను ఉపవిషాలలో చేర్చింది. రసతరంగిణి చెప్పిన పదకొండు ఉపవిషాలలో ముషిణి, నల్లమందు, నేపాళం, ఉమ్మెత్త, గురివింద, జీడిగింజ మొదలైన వాటితోపాటు విజయ కూడా ఉన్నది. భావప్రకాశం దానికి కఫాన్ని హరించే గుణాన్ని, జఠరాగ్నిని పెంచి పచనం చేసే గుణాన్ని చెప్పింది. అదే చోట అది పిత్తాన్ని పెంచుతుందని, మోహాన్నీ మదాన్నీ కలిగిస్తుందని కూడా చెప్పింది. నేటి వ్యాపార ప్రకటనలు మొదటి సగాన్ని పెద్ద అక్షరాలతో అచ్చువేసి రెండవ సగాన్ని మ్రింగివేస్తున్నవి. శాస్త్రాన్ని సగం చదివి సొమ్ము చేసుకొనడం శాస్త్రానికి చేసే సేవ కాజాలదు.

ఒకే మొక్క, నాలుగు వస్తువులు

గంజాయి మొక్క ఒకటే అయినా దాని అంగాలు నాలుగు వేర్వేరు వస్తువులు. ఆడమొక్కల పూత, కాపు పట్టిన కొనలు గంజాయి. వాటినుండి వేరుచేసిన జిగురు చరస్. ఆకు భంగు. నాలుగవది గింజ. మత్తునిచ్చే అంశం జిగురులో అత్యధికంగా, పూతకొనలలో అధికంగా, ఆకులో తక్కువగా ఉంటుంది. శుభ్రం చేసిన గింజలో అది లేనంత తక్కువ. అంటుకొని ఉండే పొట్టు, దుమ్ముద్వారా వచ్చే లేశమాత్రమే గింజలో కనిపిస్తుంది. కాబట్టి గింజలనుండి పిండిన నూనె ఒక వస్తువు, ఆకునుండి తీసిన సారాన్ని మరొక నూనెలో కలిపినది వేరొక వస్తువు. మొదటిది నువ్వులనూనెవలె ఆహారం. రెండవది మందు. రెండింటినీ ‘హెంప్ ఆయిల్’ అనే ఒకే పేరుతో అమ్మడం చూస్తున్నాము.

తెలుగువారికి మరొక చిక్కు కూడా ఉన్నది. ‘హెంప్’ అనే ఇంగ్లీషు మాటను కొందరు జనపనార అని తెలుగు చేస్తున్నారు. గోనెసంచులు నేసే జనపనార వేరు, పొలాలలో పచ్చిరొట్టకు వేసే జనుము వేరు, గోంగూర జాతికి చెందిన గోగునార వేరు. ఈ మూడింటిలో ఏదీ గంజాయి కులానికి చెందినది కాదు. “జనుము గింజల నూనే కదా, మన రైతులు ఎరిగినదే” అని ఎవరైనా నచ్చజెప్పబోతే మోసపోవద్దు. ఆ సీసాలో ఉన్నది గంజాయి మొక్కకు చెందిన వస్తువే. అది గింజది అయితే భయం లేదు, ఆకుది అయితే జాగ్రత్త కావలెను. అందుచేత మొదట అడుగవలసిన ప్రశ్న: ఇది మొక్కలోని ఏ అంగం?

రెండు అంశాలు, రెండు స్వభావాలు

ఈ మొక్కలో దానికే ప్రత్యేకమైన రసాయనాంశాలు నూరుకు పైగా ఉన్నట్లు ఆధునిక శాస్త్రజ్ఞులు గుర్తించారు. వాటిలో గృహస్థులు ఎరుగవలసినవి ముఖ్యంగా రెండు. టి.హెచ్.సి. అనేది మత్తును, మోహాన్ని కలిగించేది. సి.బి.డి. అనేది అటువంటి మత్తును కలిగించనిది. టి.హెచ్.సి. నిర్మాణాన్ని 1964లో ఇజ్రాయెల్ దేశానికి చెందిన రఫాయెల్ మెషూలం, యెహియెల్ గవోని వెల్లడించారు. 1992లో మెషూలం బృందం మన మెదడే స్వయంగా తయారుచేసుకొనే ఒక పదార్థం టి.హెచ్.సి. పనిచేసే ద్వారాల వద్దనే పనిచేస్తున్నదని కనుగొన్నది. దానికి సంస్కృతంలోని ‘ఆనంద’ శబ్దాన్ని తీసుకొని ‘ఆనందమైడ్’ అని పేరు పెట్టారు. మన మాటకు పరదేశంలో ఇట్టి గౌరవం దక్కడం సంతోషమే. కాని ఆ పేరు చూపి “ఇది ఆనందౌషధం” అని అమ్మడం మాత్రం ఆ పరిశోధనకే అపచారం.

పచ్చి ఆకులో టి.హెచ్.సి. చాలావరకు ఒక ఆమ్లరూపంలో ఉంటుంది. ఆ రూపానికి మత్తు కలిగించే శక్తి లేదు. వేడి తగిలినప్పుడు అది అసలు టి.హెచ్.సి.గా మారుతుంది. ఈ పదార్థం నీటిలో దాదాపు కరుగదు, నేతిలో, నూనెలో, పాలలోని వెన్నలో కరుగుతుంది. పండుగలకు ఉత్తరాదివారు భంగును పాలలో, నేతిలో కలిపి సేవించడంలోని మర్మం ఇదే.

ఇక్కడ నా తోటి వైద్యులకు కొంత కష్టం కలిగించే మాట ఒకటి చెప్పవలసియున్నది. “మేము శోధనం చేశాము, ఇక మత్తు ఉండదు” అని కొందరు రోగులకు అభయమిస్తున్నారు. ఆకును గుడ్డలో మూటగట్టి, పసరు పోయేవరకు నీటితో కడిగి, ఎండబెట్టి, ఆవునేతిలో దోరగా వేయించడం మనకు తెలిసిన శోధన విధానాలలో ఒకటి. నీరు మురికిని, పసరును కొనిపోతుంది. టి.హెచ్.సి.ని కొనిపోలేదు. పైగా నేతిలో తగిలే వేడి ఆమ్లరూపాన్ని క్రియాశీలమైన రూపంలోకి మార్చగలదు. అంటే శోధనం ద్రవ్యాన్ని వైద్యుని చేతికి తగినట్లు సిద్ధం చేస్తుందే తప్ప, దానిని ఎవరైనా ఎంతైనా త్రాగదగిన పానకంగా మార్చదు. నా గురువుగారు శోధించిన విజయను కూడా తిరిగి ఆ తాళం పెట్టెలోనే ఉంచేవారు.

శార్ఙ్గధరుడు ‘వ్యవాయి’ ద్రవ్యాలను నిర్వచిస్తూ, ముందుగా శరీరమంతటా వ్యాపించి ఆ తరువాత పాకం చెందేవి అని చెప్పి, భంగను, నల్లమందును ఉదాహరణలుగా చూపాడు. నేటి పరిశోధకుల మాటలను ఆ నిర్వచనానికి బలవంతంగా అతికించడం నా ఉద్దేశ్యం కాదు. ఇది సామాన్యమైన ఆహారపదార్థంవలె నడుచుకొనదని ఏడెనిమిది వందల ఏండ్ల క్రిందటనే మనవారు గమనించారన్నంతవరకు చాలును. నోటిద్వారా తీసుకున్నప్పుడు దీని ప్రభావం అరగంటకు మొదలు కావచ్చు, రెండు గంటలకు మొదలు కావచ్చు. మొదలైన తరువాత ఆరు, ఎనిమిది గంటలు నిలువవచ్చు. కాలేయం టి.హెచ్.సి.ని మరింత తీక్ష్ణమైన రూపంలోకి మార్చడం కూడా జరుగుతుంది. పొగరూపంలో అయితే నిమిషాలలో తెలిసిపోయేది, తినే పదార్థంలో దాగి ఉంటుంది.

నాకు తెలిసిన ఒక పెద్దమనిషికి అమెరికాలోని కుమారుడు నిద్రకోసమని ‘గమ్మీలు’ అనే తీపి బిళ్ళలు తెచ్చి ఇచ్చాడు. ఆయన ఒకటి తిన్నారు. ముప్పావుగంట గడిచినా ఏమీ తెలియలేదు. “ఇది మనకు పనిచేయదులే” అని మరొకటి తిన్నారు. అర్ధరాత్రి గుండె దడతో, భయంతో, గోడలు కదులుతున్నవంటూ కేకలు వేస్తుంటే ఇంటిల్లిపాదీ లేచి ఆసుపత్రికి తీసుకొని వెళ్ళవలసివచ్చింది. తెచ్చినవాడిది ప్రేమే, తిన్నవారిది అమాయకత్వమే. అడుగవలసిన రెండవ ప్రశ్నను మాత్రం ఎవరూ అడుగలేదు: ఇందులో ఏ అంశం ఉన్నది?

జాతుల పేర్లు, సంతలోని మాటలు

విదేశీ దుకాణాలలో ఈ వస్తువులను ‘ఇండికా’, ‘సటైవా’ అని రెండుగా విభజించి అమ్ముతారు. ఇండికా నిద్ర తెప్పిస్తుందని, సటైవా ఉత్సాహం కలిగిస్తుందని ప్రచారం. ఇప్పుడు మనవారు కూడా ఆ మాటలను నేర్చుకొని నన్ను అడుగుతున్నారు. ఈ పేర్ల పుట్టుక వేరు. 1753లో లిన్నేయస్ ఈ మొక్కకు కన్నాబిస్ సటైవా అని పేరు పెట్టాడు. 1785లో లామార్క్ భారతదేశపు మొక్కను చూసి కన్నాబిస్ ఇండికా అన్నాడు. వారు చూసినది ఆకు వెడల్పు, కాండం ఎత్తు, నార బలం. నిద్రను, ఉత్సాహాన్ని వారు తూచలేదు. తరువాత రెండు వందల ఏండ్లలో మొక్కలను ఎంతగా సంకరం చేశారంటే, నేడు సంతలో ఆ పేరు విని లోపలి రసాయనాన్ని ఊహించడం సాధ్యం కాదు.

శాస్త్రజ్ఞులు అంగీకరించే విభజన వేరు. టి.హెచ్.సి. అధికంగా గలవి మొదటి తెగ, రెండూ సమంగా గలవి రెండవ తెగ, సి.బి.డి. అధికంగా గలవి మూడవ తెగ. ఏ మొక్క ఏ తెగకు చెందినదో ప్రయోగశాల చెప్పాలేగాని పేరు చెప్పదు.

మన ప్రాంతం సంగతే చూడండి. విశాఖ మన్యంలో దొంగచాటుగా పండించిన గంజాయికి ‘శీలావతి’ అని పేరు పెట్టి చలామణీ చేయడం వార్తాపత్రికలలో చదువుతూనే ఉన్నాము. పురాణ పతివ్రత పేరు తగిలించినంత మాత్రాన ఆ మత్తుకు శీలం వచ్చిందా? ఆ పంటకు ఆశపడి ఎందరో గిరిజన యువకులు చెరసాల పాలైనారు. పేరుకు, గుణానికి సంబంధం లేదనడానికి ఇంతకంటె వేరే ఉదాహరణ అక్కరలేదు.

ఇక పరిమళాంశాలను గూర్చి మరొక ప్రచారం ఉన్నది. లిమొనీన్ అనే అంశం ఉన్నది కాబట్టి మనస్సు తేలికపడుతుందని, మర్సీన్ ఉన్నది కాబట్టి నిద్ర పడుతుందని చెప్పి అధిక ధర అడుగుతారు. లిమొనీన్ నిమ్మతొక్కలో, మర్సీన్ మామిడిపండులో, కారియోఫిలీన్ మన మిరియాలలో, లవంగాలలో ఉన్నవే. వీటిలో కారియోఫిలీన్‌కు వాపును తగ్గించే గుణం ఉండవచ్చునని పరిశోధనలు సాగుతున్నవి. అయితే ఒక సీసాలోని లేశమాత్రపు పరిమళం మనిషికి ఇంత మేలు చేస్తుందని నిర్ణయించే ప్రమాణం ఇంకా లేదు. మిరియాల చారు వంటింట్లో ఉండగా దానికి వేలకు వేలు పోయనక్కరలేదు.

శాతం కాదు, మిల్లీగ్రాములు

మూడవ ప్రశ్న మాత్రకు సంబంధించినది. ‘0.3 శాతం మాత్రమే’ అనే మాట ఈ వ్యాపారంలో తరచుగా వినబడుతుంది. ఉత్తరాఖండ్ రాష్ట్రం నార, గింజలకోసం సాగుచేసే మొక్కకు విధించిన పరిమితి కూడా ఇదే. ఈ గీత ఆరోగ్యాన్ని కొలిచి గీసినది కాదు. 1976లో స్మాల్, క్రాంక్విస్ట్ అనే వృక్షశాస్త్రజ్ఞులు మొక్కలను వర్గీకరించడానికి సౌకర్యంకోసం ఎన్నుకున్నది. అది పొలంలోని మొక్కకు సరిపోవచ్చు. తినే పదార్థానికి వర్తింపజేస్తే ఏమగునో లెక్క వేయండి. 4 గ్రాముల తీపి బిళ్ళలో 0.3 శాతమంటే 12 మిల్లీగ్రాములు. అమెరికాలో మాదకద్రవ్యాలపై పరిశోధన చేసే జాతీయ సంస్థ 2021లో పరిశోధనల కొలతకు 5 మిల్లీగ్రాముల టి.హెచ్.సి.ని ఒక ప్రమాణంగా నిర్ణయించింది. అంటే ‘0.3 శాతం మాత్రమే’ అన్న బిళ్ళలో రెండు ప్రమాణాలకు పైగా ఉండవచ్చునన్నమాట.

దీనికి విరుద్ధమైన మోసం కూడా ఉన్నది. సి.బి.డి. శుద్ధరూపంలో ఉన్న ‘ఎపిడయోలెక్స్’ అనే ఔషధాన్ని 2018లో అమెరికా ప్రభుత్వం పిల్లలలో వచ్చే రెండు రకాల తీవ్రమైన మూర్ఛరోగాలకు అనుమతించింది. అది నిజమైన విజయమే, కాదనరాదు. అక్కడ పిల్లవాని బరువులో ప్రతి కిలోకు రోజుకు 10 మిల్లీగ్రాములు, అవసరమైతే అంతకు మించి వైద్యులు ఇస్తారు. 20 కిలోల పిల్లవానికి రోజుకు 200 మిల్లీగ్రాములు. మొత్తం సీసాలో 300 మిల్లీగ్రాములు ఉన్న తైలాన్ని చూపి, “మూర్ఛకు ఇదే మందు” అని ఎవరైనా చెబితే, ఆ సీసా ఒకటిన్నర రోజుకే చెల్లిపోతుంది. రోజుకు పది చుక్కలతో దానిని నెల రోజులు నడిపి, బిడ్డకు ఇస్తున్న అసలు మందును మానిపించే తల్లిదండ్రుల గతి ఏమి? ఇది నన్ను అన్నిటికంటె ఎక్కువగా భయపెట్టే విషయం. అట్లని తల్లిదండ్రులే స్వయంగా మోతాదు పెంచబోవడం అంతకంటె ప్రమాదం. ఆ మోతాదులలో కాలేయాన్ని పరీక్షిస్తూ ఉండవలసి వస్తుంది.

సీసాపై అంకె ఉన్నంతమాత్రాన అది సత్యమని కూడా అనుకొనరాదు. 2017లో అమెరికా వైద్యసంఘపు పత్రికలో ప్రచురితమైన ఒక పరీక్షలో, అక్కడ అమ్ముతున్న 84 సి.బి.డి. వస్తువులను పరిశీలించగా సుమారు 31 శాతం మాత్రమే పైన వ్రాసినదానికి సరిపోయినవి. 18 వస్తువులలో టి.హెచ్.సి. కూడా కనబడింది. అందుచేతనే ఆ తయారీ సంఖ్యకు సంబంధించిన ప్రయోగశాల పత్రం అడగండి అని చెబుతున్నాను. పత్రంలోని సంఖ్య సీసామీది సంఖ్యతో సరిపోవలెను. తయారీదారుకు సంబంధం లేని ప్రయోగశాల ఇచ్చినదైతే మరీ మంచిది.

చట్టం చెప్పేది

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం చరస్‌ను, పూతకొనలైన గంజాయిని, వాటి మిశ్రమాలను నిషిద్ధ పరిధిలో చేర్చింది. కొనలతో కలియని ఆకును, గింజను ఆ నిర్వచనంనుండి మినహాయించింది. అంతమాత్రాన ఆకు స్వేచ్ఛావస్తువు కాదు. అది రాష్ట్రాల ఆబ్కారీ చట్టాల అధీనంలో ఉంటుంది, ఒక రాష్ట్రంలో దుకాణంలో అమ్మేది మరొక రాష్ట్రంలో నేరం కావచ్చు. విదేశంలో కొన్న బిళ్ళలను పెట్టెలో పెట్టుకొని విమానం దిగడం మరీ ప్రమాదం. అక్కడి అంగడిలో రసీదు ఇచ్చి అమ్మినది ఇక్కడి విమానాశ్రయంలో కేసు కాగలదు. తల్లిదండ్రులకు కానుకలు తెచ్చే పిల్లలు ఈ సంగతి గుర్తుంచుకోవలెను.

ఔషధాల నిబంధనలలోని ఇ(1) అనుబంధం గింజలను మినహాయించి భంగను ఆయుర్వేద విషద్రవ్యాల పట్టికలో చేర్చింది. ఇట్టి ద్రవ్యాలుగల సేవనీయ ఔషధాలపై వైద్య పర్యవేక్షణలో వాడవలెనన్న హెచ్చరికను ఇంగ్లీషులోను, హిందీలోను అచ్చువేయడం విధి. ఆ హెచ్చరిక లేని సీసాను ముట్టవద్దు. కేన్సరు, మధుమేహం, మూర్ఛవంటి వ్యాధులు నయమవుతాయని ప్రకటించడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. అట్టి ప్రకటన చేసేవాడు చట్టాన్నే లెక్కచేయనప్పుడు మీ ఆరోగ్యాన్ని లెక్కచేస్తాడా?

గింజల విషయం సులభం. 2021లో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ గింజలను, గింజల నూనెను, పిండిని ఆహారంగా గుర్తించింది. కిలో గింజలలో టి.హెచ్.సి. 5 మిల్లీగ్రాములకు, కిలో నూనెలో 10 మిల్లీగ్రాములకు మించరాదని పరిమితి విధించింది. మాంసకృత్తులు, మంచి కొవ్వులుగల ఆహారమది. ఇష్టమైనవారు తినవచ్చు. నొప్పులకు, నిద్రకు మందు అని మాత్రం భ్రమపడనక్కరలేదు. మన నువ్వులు, అవిసెలు దానికేమీ తీసిపోవు.

ఎవరు దూరంగా ఉండవలెను?

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఇరవై ఐదేండ్లలోపు పిల్లలు, యువకులు వీటి జోలికి పోరాదు. ఎదుగుతున్న మెదడుకు టి.హెచ్.సి. చేటు. కుటుంబంలో ఎవరికైనా ఉన్మాదంవంటి మానసిక వ్యాధి ఉన్నవారు, హృద్రోగులు, కాలేయవ్యాధి గలవారు, వాహనాలు నడిపేవారు దూరంగా ఉండవలెను. సి.బి.డి. మత్తు ఇవ్వదు కాబట్టి నిరపాయకరమని తలచుట పొరపాటు. కాలేయం మందులను విరిచివేసే పనికి అది అడ్డుపడుతుంది. అందువల్ల వార్ఫరిన్, మూర్ఛకు వాడే క్లోబజామ్ మొదలైన మందుల బలం శరీరంలో పెరిగిపోతుంది. వాల్‌ప్రోయేట్‌తో కలిస్తే కాలేయానికి దెబ్బ తగిలే అవకాశం హెచ్చు.

మరి విజయను పూర్తిగా త్యజించవలెనా? నా అభిప్రాయం అది కాదు. గ్రహణిరోగంలో జాతీఫలాది చూర్ణం చేసే మేలును నేను స్వయంగా ఎరుగుదును. అందులో అనేక ద్రవ్యాల నడుమ విజయ ఒకటి. దానిని ఎవరికి, ఏ కాలంలో, ఏ అనుపానంతో, ఎన్నాళ్ళు అన్నది వైద్యుడు నిర్ణయిస్తాడు. సరిగా ప్రయోగిస్తే విషం కూడా ఔషధమవుతుందని, తప్పుగా ప్రయోగిస్తే ఔషధం కూడా విషమవుతుందని చరకుడు చెప్పిన సూత్రం ఈ మొక్క విషయంలో అక్షరసత్యం. ‘ఆయుర్వేదం’ అనే మాట ఆ సూత్రాన్ని గుర్తుచేయవలెను. పరీక్షను, ప్రశ్నను తప్పించుకొనే ముసుగుగా దానిని వాడుకొనడాన్ని మొదట వ్యతిరేకించవలసినవారము వైద్యులమైన మేమే. లోపల ఏ అంశం ఎంత ఉన్నదో వ్రాయని సీసాను ఏ వైద్యుడూ తన చీటీపై వ్రాయరాదని నా విన్నపం.

గృహస్థులు నాలుగు ప్రశ్నలు గుర్తుంచుకుంటే చాలు. ఏ అంగం? ఏ అంశం? ఎంత మాత్ర? ఎవరికి? మొదటి మూడింటికి సీసా, ప్రయోగశాల పత్రం సమాధానం చెప్పవలెను. నాల్గవదానికి మీ నాడి చూసి, మీరు వాడే మందులన్నీ అడిగి తెలుసుకున్న వైద్యుడు సమాధానం చెప్పవలెను. నాలుగింటిలో ఏ ఒక్కదానికి జవాబు రాకున్నా డబ్బు జేబులోనే ఉంచుకోండి.

ఇక ఆ ఉపాధ్యాయినిగారి సంగతి. చుక్కలు మానిన తరువాత, హృద్రోగ వైద్యుడు మాత్రల మోతాదును సరిచూడగా, కొద్ది వారాలలో రక్తపరీక్ష యథాస్థితికి వచ్చింది. చిగుళ్ళ రక్తస్రావం ఆగింది. ఆ సీసాయే కారణమని న్యాయస్థానంలో నేను నిరూపించలేను. సీసాలో ఏమున్నదో వ్రాయనప్పుడు ఎవరు మాత్రం నిరూపించగలరు? అసలు దోషం అక్కడే ఉన్నది. మోకాళ్ళకు గోరువెచ్చని నువ్వులనూనె పైపూత, వావిలాకు కాపడం, నిద్రకు రాత్రివేళ పాదాలకు నూనె మర్దన చెప్పి పంపాను. నొప్పి పూర్తిగా పోలేదు. నడవగలుగుతున్నారు, నిద్రపోగలుగుతున్నారు.

మొన్న వచ్చినప్పుడు ఆ కుమారుడు “ఆ సీసా ఇంకా ఇంట్లోనే ఉందండీ, సగం మిగిలింది. పారవేయడానికి మనసొప్పడం లేదు, చాలా డబ్బు పోశాము” అన్నాడు. “నాయనా, ఆ డబ్బుతో నాలుగు ప్రశ్నలు కొనుక్కున్నావనుకో. సీసాను మాత్రం ఇక్కడికి తెచ్చి ఇచ్చేయి” అన్నాను. మరునాడే తెచ్చి ఇచ్చాడు. గురువుగారి చెక్కపెట్టె ఇప్పుడు నా వద్ద ఉన్నది. దాని తాళం ఇంకా బాగానే పనిచేస్తున్నది.